ఓడ కంటే ముందు ఓబులేసు

‘ఓ’ అంటే ఓడ. కడప జిల్లాలో మూడేళ్ల బిడ్డ ఓడను ఎక్కడ చూస్తాడు? అక్షరాలు దిద్దే అంగన్‌వాడీ గదిలో, అదే చాప మీద ఓబులేసు కూర్చుని ఉంటాడు. వాడి వెనకే ఓబుళమ్మ. వాళ్లిద్దరి పేర్లలో ఉన్న ‘ఓ’ను వదిలేసి, ఎన్నడూ చూడని ఓడ బొమ్మ పక్కన అక్షరాన్ని పదిసార్లు దిద్దించడం ఎందుకు?

బిడ్డకు లోకంలో అన్నిటికంటే ముందు తెలిసిన మాట తన పేరు. ఎవరో పిలిస్తే తల తిప్పడం మాటలు రాకముందే నేర్చుకుంటుంది. చదువు అక్కణ్నుంచి మొదలవ్వాలని మేము అంటున్నాం. మన లిపి కూడా అందుకు అనువైనదే. ఓ-బు-లే-సు అని నాలుగు చప్పట్లు కొడితే నాలుగు అక్షరాలు. కవితకు మూడు. మస్తాన్ దగ్గరికొచ్చేసరికి చప్పట్లు రెండే, రాస్తే మాత్రం మూడు కనిపిస్తాయి, పైగా ‘స’ కింద ‘త’ ఒత్తు. ఈ తేడాను పిల్లలే పట్టుకుంటారు. వాచకంలో ఒత్తుల పాఠం ఎప్పుడో వస్తుంది. మస్తాన్‌కు తన ఒత్తు ఇప్పుడే కావాలి, అది లేకపోతే ఆ పేరు వాడిది కాదు కదా.

దీనికి ఖర్చేమీ లేదు. మన ఇళ్ల వసారాల్లో కడప బండలు ఉండనే ఉన్నాయి. నల్ల బండ మీద టీచరమ్మ సుద్దముక్కతో మూరెడు పొడవున ‘కవిత’ అని రాస్తుంది. ఆ గీత వెంబడి పాప చింతగింజలు పేరుస్తుంది. వంపు దగ్గర గింజ పక్కకు జారుతుంది, నాలుక బయటపెట్టి మళ్లీ సర్దుతుంది. ఆ వంపు వేళ్లకు అలవాటయ్యాక పలక, ఆ తర్వాతే పెన్సిల్. గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

పేరు నుంచి వాకిట్లోకి పోవడం ఒక్క అడుగు. చింతకొమ్మదిన్నె పిల్లలకైతే ఊరి పేరులోనే చింత, కొమ్మ, దిన్నె మూడూ ఉన్నాయి. తుమ్మలపల్లెకు తుమ్మ ఉంది. ఆకు పచ్చగా ఉంటుందని బొమ్మల పుస్తకం చెబుతుంది. వేపచెట్టు కిందికి తీసుకుపోతే లేత చిగురు ఎర్రగా ఉంటుందని బిడ్డే చూసి చెబుతుంది. తన కంటితో చూసి పెద్దవాళ్లకు చెప్పిన మొదటి మాట అది, దాన్ని మరిచిపోదు.

చెట్టు పేరు, పిట్ట పేరు తెలియడం చిన్న సంగతి కాదు. లోకంలో లేదనుకున్న కలివికోడి అనే అడవి పిట్ట 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనబడింది. శాస్త్రవేత్తల చేతికి దాన్ని పట్టి ఇచ్చింది ఇక్కడి అడవి తెలిసిన మనిషే. అలాంటి కన్ను అ ఆలు దిద్దితే రాదు.

‘కిండర్ గార్టెన్’ అంటే జర్మన్‌లో పిల్లల తోట. అంగన్‌వాడీలో ఉన్న ‘ఆంగన్’ అంటే ముంగిలి. రెండు పేర్లూ ఆరుబయటనే చెబుతున్నాయి. 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందటి చదువు కూడా అంగన్‌వాడీ బాధ్యతే. ఆ వయసుకు ఆటే చదువు అని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగా చెప్పింది. కానీ ముంగిలి లేని అద్దె గదిలో నడిచే కేంద్రంలో టీచరమ్మ ఏం చేస్తుంది? పిల్లల బరువులు తూయాలి, గుడ్లు, పాల లెక్క రాయాలి, ఫోన్‌లో యాప్ నింపాలి. ఇన్ని పనులు పెట్టి పాటలు పాడలేదేమని ఆమెను నిలదీయడం అన్యాయం.

ప్రైవేటు బడుల సంగతి ఇంకో రకం. ఎల్‌కేజీ బిడ్డకు హోంవర్కు, దానికి డైరీ, డైరీలో అమ్మ సంతకం. మూడున్నరేళ్లకే పేజీలు నిండలేదని ఇంట్లో టెన్షన్. ఫీజు కట్టాం కాబట్టి నోట్‌బుక్ నిండాలని తల్లిదండ్రులూ అనుకుంటున్నారు. వాళ్ల ఆశ తప్పు కాదు. ఆ లేత వేళ్లు అంత రాతను మోయలేవని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేరు. ఆ పని బడి చేయాలి.

అధికారులను మేము కోరేది పెద్దదేం కాదు. కేంద్రానికి గది వెతికేటప్పుడు ఒక చెట్టు, కొంచెం వాకిలి ఉన్నచోటు చూడండి. రికార్డుల పనిలో కొంత తగ్గించి పొద్దున్నే ఒక గంట టీచరమ్మను పిల్లలకు వదలండి. ఎండ ముదరక ముందు ఆ గంట ఆరుబయట గడవనివ్వండి. బడులు తెరిచే జూన్‌లోనే మృగశిర, ఆరుద్ర కార్తెలు వస్తాయి. నాలుగు చినుకులు పడితే చాలు, తడి నేల మీద ఎర్ర మఖమల్లు ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతాయి. ఆ రోజు పలకలు గదిలోనే ఉంచి, పిల్లలను వాకిట్లోకి రానివ్వండి.