సవరణ: 2018లో పూర్తయింది ఊళ్ల లెక్క, ఇళ్ల లెక్క కాదు

సీతంపేట, భద్రగిరి వైపు కొండ గూడేల కరెంటు గురించి మొన్న రాస్తూ, 2018 ఏప్రిల్ 28 నాటికి దేశంలో కరెంటు లేని ఇల్లే లేదని అన్నాను. అది తప్పు. ఆ రోజు మణిపూర్‌లోని లైసాంగ్‌కు కరెంటు చేరడంతో ముగిసింది కరెంటు లేని ఊళ్ల జాబితా మాత్రమే.

కేంద్ర విద్యుత్ శాఖ 2004 నుంచి పాటిస్తున్న నిబంధన ప్రకారం ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు, తీగలు ఉండి, బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లకు కరెంటు అంది, కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉంటే చాలు, ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే లెక్క. అంటే నూరిళ్ల ఊళ్లో తొంభై ఇళ్లు కిరోసిన్ బుడ్డి వెలిగించుకుంటున్నా కాగితం మీద ఊరంతా వెలిగినట్టే!

ఇళ్ల సంగతి చూసింది 2017 సెప్టెంబరులో మొదలైన సౌభాగ్య పథకం. స్తంభం నుంచి సర్వీసు తీగ, మీటరు, ఒక ఎల్‌ఈడీ బల్బు, సెల్‌ఫోనుకు ఛార్జింగ్ పాయింటు ఇచ్చారు. 2011 సామాజిక ఆర్థిక గణన ప్రకారం పేదలకు ఉచితం, మిగిలినవారికి 500 రూపాయలు, అదీ పది వాయిదాల్లో.

తీగ లాగలేని చోట సోలారు పెట్టడం అన్యాయమని కూడా రాశాను. అది పథకంలో ఉన్నదే: 200 నుంచి 300 వాట్ల పలకలు, బ్యాటరీ, ఐదు బల్బులు, ఒక ఫ్యాను, ఐదేళ్ల నిర్వహణ. ఆరో ఏట బ్యాటరీ చచ్చిపోతే కొత్తది ఎవరు కొంటారన్న నా ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోను.

ఇంకొకటి. సీతంపేట, భద్రగిరి రెండూ 2022 ఏప్రిల్ నుంచి, నేను రాసినట్టు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లేవు, పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.