గుణింతం చేత్తో ఒకటి, కీబోర్డుపై మరొకటి
విండోస్‌లో యూఎస్ ఇంటర్నేషనల్ అనే కీబోర్డు లేఅవుట్‌ను (మీటల అమరికను) ఒకసారి పెట్టుకుంటే, యూరోపియన్ భాషల్లో పైనా కిందా గుర్తులుండే అక్షరాల బాధ పూర్తిగా తీరిపోతుందని ఒక వ్యాసంలో చదివాను; ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. విశాఖపట్నంలో ఓడల సిబ్బంది జాబితాలు టైపు చేసే ఉద్యోగంలో ఆ లేఅవుట్‌ను రెండేళ్లు వాడాను. స్పానిష్ పేర్లలో ఎన్ మీద వచ్చే అలల గీతకు (ñ) కుడి ఆల్ట్‌తో ఎన్ నొక్కితే చాలు, అది నిజంగా సుఖమే. చిక్కంతా ఎపాస్ట్రఫీ (') మీటతోనే. అది నొక్కగానే తెరపై ఏమీ పడదు, తరువాతి అక్షరం కోసం కాచుకొని ఉంటుంది. ఓకానర్ (O'Connor) అనే ఐరిష్ పేరును మామూలుగా కొట్టుకుంటూ పోతే ఎపాస్ట్రఫీ మాయమై, సీ కింద తోక మొలుస్తుంది; డాల్మైడా (D'Almeida) అనే పేరులో ఏ నెత్తిన గీత పడుతుంది. ఎపాస్ట్రఫీ తరువాత స్పేస్ నొక్కాలన్న సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు. మనకు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ముందు హల్లు, ఆపైన గుడి. ఇక్కడ గుర్తు ముందు, అక్షరం వెనక కనుక, తెలుగు టైపింగ్ అలవాటున్న చేతికి ఇది ఎదురు నడకే. అలల గీత ఎన్ కోసం ఆల్ట్ పట్టుకొని 0241 కొట్టే పాత పద్ధతికి విడిగా అంకెల మీటలు కావాలి, నా చిన్న లాప్‌టాప్‌లో అవి లేవు. అందుకే ఇప్పుడు మామూలు లేఅవుట్‌నే ఉంచుకొని, అవసరమైన పేరు వచ్చినప్పుడు మాత్రం విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి యూఎస్ ఇంటర్నేషనల్‌కు మారుతున్నాను.