పుట్టతేనెకు పొరుగు పెట్టె ముప్పు

కార్తికం వచ్చేసరికి అరకు లోయలో వలిసె చేలు పసుపుపచ్చగా విరబూస్తాయి. పూత ఉన్నన్నాళ్లూ ఆ గట్ల వెంబడి విదేశీ జాతి ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు వరసగా దిగుతాయి. అదే కొండవాలులో చెట్ల తొర్రల్లోనూ పాడుబడిన పుట్టల్లోనూ కాపురముండే పుట్ట తేనెటీగలకూ ఆ పూలే ఆధారం. లారీల్లో వచ్చినవాటితో ఏ నల్లి, ఏ రోగం దిగుతున్నాయో ఆ గట్టు మీద చూసేవారు ఉండాలి కదా!

ఇటాలియన్ ఈగను మేము తప్పుపట్టడం లేదు. నాటి పంజాబ్‌లో, నేటి హిమాచల్‌ప్రదేశ్‌లో ఉన్న నగ్రోటాలో 1962లో అది నిలదొక్కుకున్నాకే మన దేశంలో తేనె పరిశ్రమ పెద్దదయింది. పుట్ట తేనెటీగ ఇచ్చే దిగుబడికి అది కొన్ని రెట్లు ఇస్తుంది. పైగా మన ఈగకు చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా గూడు విడిచి పోయే గుణముంది. రైతు ఇటాలియన్ పెట్టెవైపు మొగ్గడం సహజమే. అయితే రూ.500 కోట్లతో జాతీయ తేనెటీగల మిషన్‌ను చేపట్టిన ప్రభుత్వాలు లెక్కను కిలోల దగ్గరే ఆపడం సరికాదు.

ఈగల ఒంటిని పట్టి పీడించే వరోవా నల్లి సంగతే చూడండి. అది మొదట ఆసియా తేనెటీగనే, అంటే మన పుట్ట తేనెటీగ జాతినే ఆశ్రయించి బతికింది. ఇద్దరికీ ఏనాడో సర్దుబాటు కుదిరింది. నల్లి ఒంటి మీదికెక్కితే మన ఈగ ఒళ్లు విదిలిస్తుంది, తోటి ఈగలు చేరి దాన్ని కొరికి పారేస్తాయి. నల్లి సంతానం పెరిగేది చాలావరకు పోతుటీగల గదుల్లోనే. అక్కడా నల్లి బలం పెరిగి పిల్ల నీరసిస్తే గట్టి మూతను తోసుకుని బయటికి రాలేక, నల్లులతో సహా లోపలే సమాధవుతుంది. ఇటాలియన్ ఈగకు ఈ విద్య అంతగా తెలియదు. దాని పెట్టెలో నల్లి కూలీ ఈగల గదుల్లోకీ చొరబడి, రెక్కలు వంకరపోయే వైరస్‌ను వెంట తెస్తుంది. ఆ పెట్టెకు మందు కావాలి. మన గూటికి అక్కర్లేదు.

అలాగని మన ఈగకు చావు లేదనుకోరాదు. 1991 తరవాత కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ పుట్ట తేనెటీగలను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. రోగం సోకిన పిల్ల పురుగు గదిలో తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచిలా మారి చచ్చిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చేందుకు ఇటాలియన్ పెట్టెలు దక్షిణాదికి వచ్చాయి. అంతటి విపత్తులోనూ బతికి బట్టకట్టిన గూళ్ల నుంచే మన జాతి మళ్లీ పుంజుకుంది. అలాంటి గూళ్లను గుర్తించి విత్తనంగా నిలబెట్టుకోవడం పరిశోధన సంస్థల మొదటి పని కావాలి.

ఈగల రవాణా ఎంత ఖరీదైన వ్యవహారమో ఆస్ట్రేలియాను అడగాలి. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవులో వరోవా కనిపించగానే అక్కడి యంత్రాంగం వేల పెట్టెలను నాశనం చేసింది. అయినా ఏడాది గడిచాక నిర్మూలన తమ వల్ల కాదని చేతులెత్తేసింది. అంతకుముందు 2007లో అదే దేశంలోని కెయిర్న్స్‌కు చేరిన పరాయి ఈగ ఏదనుకున్నారు? సాక్షాత్తూ మన పుట్ట తేనెటీగ జాతే. తగవు ఏ జాతితోనూ కాదు, తనిఖీ లేకుండా సాగే ప్రయాణంతో.

కనుక విదేశీ రాణి ఈగల దిగుమతికి నిర్బంధ ఆరోగ్య పరీక్షలుండాలి. జిల్లాలు దాటే ప్రతి పెట్టెకూ ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. ఏజెన్సీ అడవులను ఆనుకుని ఉన్న మండలాల్లో రాయితీ పెట్టెలు పుట్ట తేనెటీగలవే అయి ఉండాలి. తొర్ర ఉన్న పాత చెట్టును పనికిరాని కలపగా లెక్కగట్టి నరికే అలవాటు మానాలి. పురుగుమందు పిచికారీని పూత వేళ పగటిపూట కాక సాయంత్రానికి మార్చాలని రైతులకు చెప్పాలి. బండలకు పట్టే కొండ తేనెటీగల పట్టులో పిల్లలున్న భాగాన్ని వదిలి, తేనె నిండిన భాగాన్నే కోసే గిరిజనుడి ఓర్పుకు వెల కట్టాలి. పట్టును మొత్తం పిండి తెచ్చిన తేనెకంటే ఆ తేనెకు గిరిజన సహకార సంస్థ కిలోకు కొంత ఎక్కువ ఇస్తే, వచ్చే ఏడు అదే బండకు ఈగ తిరిగి వస్తుంది.