ఓటీపీ వచ్చేదాకా నిశ్శబ్దం పాటించండి

మా ఊరి శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారు మొన్నామధ్య జిల్లా కేంద్రానికి వెళ్లి రెండు రోజుల్లో డిజిటల్ అయి వచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు చేతిలో ఒక జిప్పు సంచీ, ఒక రైటింగ్ ప్యాడు, మూత నిలవని పెన్ను, పేరులో ఒక అక్షరం తప్పు పడిన ధ్రువపత్రం. ఆ రెండు రోజులూ లైబ్రరీకి తాళం. ఉన్నది ఆవిడొక్కరే. అటెండర్ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీయో అడుగుదామన్నా చెప్పడానికి అటెండర్ లేడు. పాఠకులకు మెరుగైన సేవలు అందించడానికే ఈ శిక్షణ అని తలుపుకి కాగితం అంటించి వెళ్లారు. మేమూ అరుగు మీద కూర్చుని, ఒకే పేపర్ని నలుగురం పంచుకుని చదువుతూ, మెరుగుపడటానికి మా వంతు సహకరించాం.

కొందరు ఈ శిక్షణల మీద వెటకారాలు ఆడుతుంటారు. నేను ఆ బాపతు కాదు. లైబ్రరీ సిబ్బంది కంప్యూటర్ నేర్చుకు తీరాలని గట్టిగా నమ్మేవాణ్ని. అందుకే ఆవిడ రాగానే ఏం నేర్పారో పూసగుచ్చినట్టు చెప్పమన్నాను.

మొదటి రోజు 9.30కి మొదలు. ముఖ్య అతిథి 12కి వచ్చారు. జ్యోతి వెలిగించాక, కృత్రిమ మేధ వల్ల గ్రంథాలయాల రూపురేఖలు ఎలా మారిపోతాయో గంటసేపు చెప్పారు. మైకు పనిచేయకపోవడంతో ఆ మార్పు మూడో వరుస దాటి రాలేదు. భోజనాలయ్యాక అసలు పాఠం. పదకొండు మందికి ఒక కంప్యూటర్. ముందున్న వాళ్లకి మౌస్ దొరికింది, వెనకున్న వాళ్లకి సమోసా దొరికింది. మా లైబ్రేరియన్ గారు వెనక బెంచీ. నెట్ రాకపోయేసరికి ఇంటర్నెట్‌ని ఫొటోల్లో చూపించారట. చెరువు ఫొటో చూపించి ఈత నేర్పినట్టుంది కదా అని నేను అనలేదు. ఆవిడే అన్నారు.

ఆ ఫొటోల్లో కోహా అనే, లైబ్రరీ పుస్తకాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇది మాత్రం నిజంగా మంచి సంగతి. కోహా అంటే న్యూజిలాండ్ మావోరీల భాషలో కానుక. అక్కడ హోరోఫెనువా అనే ప్రాంతపు లైబ్రరీ వాళ్లు, 2000 సంవత్సరం వస్తే తమ పాత కంప్యూటర్ వ్యవస్థ మొరాయిస్తుందని భయపడి, 1999లో దీన్ని రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడటం మొదలుపెట్టారు. తర్వాత ప్రపంచమంతా వాడుకోండని ఉచితంగా వదిలేశారు. వాళ్లకి ముందు అవసరం వచ్చింది, తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. మన దగ్గర క్రమశిక్షణ ఎక్కువ. ముందు సర్క్యులర్ వస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత కంప్యూటర్, ఆ పైన కరెంటు. అన్నీ కుదిరిన రోజున అవసరం వస్తుందేమోనని ఎదురుచూస్తాం.

తిరిగొచ్చాక ఆవిడ క్యాటలాగు పని మొదలుపెట్టారు. పుస్తకాల జాబితా ఎప్పుడో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో భద్రపరిచి ఉంది. భద్రంగానే ఉంది. కాకపోతే అప్పటి ఫాంట్లు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కావు. పైకి తెలుగు వేషం, లోపల వేరే గుర్తులు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి దించేసరికి వేషం ఊడిపోయి డాలర్లు, కొక్కేలు, తలకిందుల ప్రశ్నార్థకాలు బయటపడ్డాయి. ఆరు వేల తెలుగు పుస్తకాలు ఒక్క మధ్యాహ్నంలో పరభాషా సాహిత్యమైపోయాయి. ఇప్పుడు రోజుకి ఇరవై చొప్పున మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తున్నారు.

టైపు చేస్తుంటే ఇంకో చిక్కు. రచయిత మొదటి పేరు ఒక గడిలో, చివరి పేరు ఇంకో గడిలో రాయమంటుంది యంత్రం. మన ఇంటిపేరు ముందే ఉంటుంది కదా, మరి అది మొదటిదా చివరిదా? శిక్షణలో ఇదే ప్రశ్న అడిగితే "మీకు తోచినట్టు చేసుకోండి మేడమ్" అన్నారట. ఆవిడకి ఒక్కో రోజు ఒక్కోలా తోచింది. ఆ ప్రకారం ఒకే రచయిత ఇంటిపేరుతో ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి, తలకిందులుగా ఒకసారి, మొత్తం ముగ్గురయ్యాడు. పాపం, బతికుండగా ఒక్కడికే పారితోషికం సరిగ్గా అందలేదు.

శిక్షణ ఫలితాలు పై ఆఫీసుకి తెలియాలి కాబట్టి రోజూ నివేదిక పంపాలి. గూగుల్ ఫారం ఒకటి, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ ఒకటి, తేదీ, టైము, లొకేషన్ పడేలా ఫొటో ఒకటి. చేత్తో రాసే రిజిస్టర్ ఎలాగూ ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేదు. సరిగ్గా మేం సంపాదకీయంలో మునిగినప్పుడే ఫొటో వేళవుతుంది. "బాబాయ్ గారూ, పేపర్ పక్కన పెట్టి ఏదన్నా పుస్తకం పట్టుకోండి, కొంచెం పైకి" అంటారావిడ. మా పక్కింటి రిటైర్డ్ మాస్టారు కంగారులో రైల్వే టైమ్‌టేబుల్ పట్టుకుని నాలుగు రోజులు వరసగా ఫొటోలో పడ్డారు. పుస్తక పఠనంలో మా శాఖ ముందంజలో ఉందని మెచ్చుకున్నారట.

లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన రంగనాథన్ గారు, 1931లో ఈ వృత్తికి ఐదు సూత్రాలు రాసిపెట్టారు. నాలుగోది: పాఠకుడి సమయం ఆదా చెయ్యి. లైబ్రేరియన్ సమయం సంగతి ఆ ఐదింటిలోనూ విడిగా లేదు. అంత పెద్దాయన వదిలేసిన సందుని మన వాళ్లు చక్కగా వాడుకుంటున్నారు.

ఇంతకీ మా లైబ్రరీకి వచ్చేదెవరు? పొద్దున్నే పేపర్ల కోసం మాలాంటి పెన్షనర్లు. మిగతా టైమంతా గ్రూప్-2 వాళ్లు, డీఎస్సీ వాళ్లు, కానిస్టేబుల్ పరీక్ష వాళ్లు. పుస్తకాలు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. లైబ్రరీ నుంచి వాళ్లకి కావలసింది బల్ల, ఫ్యాను, ఫోను పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు. వాళ్లతో పాటు ఈ మధ్య ఇంకో రకం పాఠకులు వస్తున్నారు. చదువు రాని పాఠకులు. "లైబ్రరీలో ఉండేది చదువుకున్నమ్మే కదా" అనుకుని ఆధార్‌కి ఫోన్ నంబరు కలపాలనో, పెన్షన్ ఎందుకు ఆగిందో చూడమనో వస్తారు. మొన్న ఒక పెద్దావిడ కొంగుముడిలోంచి ఫోను తీసి, "అమ్మా, ఇందులో నా డబ్బులు ఎక్కడున్నాయో చూడు" అంది.

రెండు రోజుల శిక్షణలో బిగ్ డేటా మీద నలభై స్లైడ్లు ఉన్నాయట. కొంగుముడి మీద ఒక్కటీ లేదు.

అప్లికేషన్లో ఫొటో 50 కేబీ లోపే ఉండాలని ఉంటుంది. సెల్‌ఫోన్లో తీసింది అంతకు యాభై అరవై రెట్లు ఉంటుంది. ఆఖరి తేదీ రాత్రి సర్వర్ ఎలా మూలుగుతుందో అందరికీ తెలుసు, అయినా అందరూ ఆఖరి తేదీకే వస్తారు. ఆ టెన్షన్లో మా లైబ్రేరియన్ గారికి చేయూతనిచ్చింది డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి. "ముందు క్రాప్ చేయండి మేడమ్, తర్వాత సైజు తగ్గించండి. సంతకం నల్ల ఇంకుతో తెల్ల కాగితం మీద. సెల్ఫీ వద్దు" అని పక్కన కుర్చీ లాక్కుని నేర్పింది. నాలుగు సాయంత్రాల్లో ఫొటో తగ్గించడం, పీడీఎఫ్‌లు కలపడం, హాల్ టికెట్ దించడం అన్నీ వచ్చేశాయి. ఆవిడ వాటిని వరసగా రాసుకున్నది పాత క్యాటలాగు కార్డుల వెనక. కింద చిల్లు ఉన్న ఆ అట్టకార్డుకి ముందువైపు 894.827, అంటే పుస్తకాలకి విషయాల వారీగా నంబర్లిచ్చిన డ్యూయీ గారి లెక్కలో తెలుగు సాహిత్యం. వెనకవైపు నీలం ఇంకుతో "ఫొటో తగ్గించుట. 1. మొహం మాత్రమే ఉంచుట." ఆ పెట్టె సొరుగు ఇన్నేళ్లలో ఇన్నిసార్లు తెరుచుకోవడం నేను చూడలేదు. ఆ అమ్మాయికి ధ్రువపత్రం ఇవ్వలేదు. జ్యోతి వెలిగించకుండా నేర్పిన చదువు లెక్కలోకి రాదు.

సాయంత్రం తాళం వేసే ముందు ఆవిడ ఇంకో పని చేస్తారు. జనం తెరిచి వదిలేసి పోయిన మెయిళ్లు, బ్యాంకు పేజీలు ఒక్కొక్కటీ మూసి, కంప్యూటర్లో మిగిలిపోయిన ఆధార్ కాపీలు, మార్కుల లిస్టులు చెరిపేసి మరీ వెళతారు. ఇది ఏ గూగుల్ ఫారంలోనూ నింపే గడి లేని పని.

ఇవన్నీ డబ్బు లేక కాదు సుమండీ. ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీరూ నేనూ కడుతూనే ఉన్నాం. ఆ పైసలు వసూలైన చోటి నుంచి లైబ్రరీ దాకా కాలినడకన వస్తాయి, అంతే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పుస్తకాల పడవ నడిచింది. జనం గట్టు మీదకొచ్చి పుస్తకాలు తీసుకునేవారు. అప్పుడెవరూ దాన్ని అవుట్‌రీచ్ అనలేదు. పడవ అన్నారు. పడవకి లాగిన్ కూడా లేదు.

మా కంప్యూటర్‌కి ఉంది. అది తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వెళ్లేది ఆవిడ ఫోనుకి కాదు, ఆవిడకి ముందు పనిచేసి రిటైరైన సారు ఫోనుకి. నంబరు మార్చమని అర్జీ పెట్టారు. నంబరు మార్చడానికి కూడా పాత నంబరుకి వచ్చే ఓటీపీయే కావాలన్నారు. ఆ సారు ఇప్పుడు డాలస్‌లో కొడుకు దగ్గరున్నారు. ఇక్కడి సిమ్ముని రోమింగ్‌లో బతికించి ఉంచారు, ఖర్చు కొడుకుది.

నవంబర్ 14న, అంటే గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజున, పొద్దున్నే 8కి వెళ్లాను. మన గ్రంథాలయోద్యమం మీద ఏదన్నా పుస్తకం కావాలన్నాను. "మీరే మొదటి ఆన్‌లైన్ పాఠకులు బాబాయ్ గారూ" అని సంబరపడి ఆవిడ డాలస్‌కి ఫోన్ కలిపారు. అక్కడ ఇంకా నిన్న రాత్రి ఎనిమిదిన్నర. స్పీకర్‌లో కుక్కర్ కూత వినిపిస్తోంది. "నిశ్శబ్దం పాటించండి" బోర్డు కింద నిలబడి ఆయన చెప్పే ఆరంకెల్ని ఆవిడ పైకి వల్లిస్తుంటే హాలంతా వినింది. కానిస్టేబుల్ పరీక్ష కుర్రాడొకడు అలవాటుకొద్దీ నోట్సులో రాసుకున్నాడు.

తెర తెరుచుకుంది. ఆవిడ "గ్రంధాలయోద్యమం" అని కొట్టారు. ఫలితాలు: 0. మళ్లీ కొట్టారు. 0. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. థ బదులు ధ పడింది. కానీ గుమ్మం మీద నిలువెత్తు బోర్డులో కూడా ధ-యే ఉంది, ఆవిడ రోజూ చూసేది ఆ బోర్డునే. ఆడమనిషిని అంతమందిలో దిద్దడం ఎందుకని ఊరుకున్నాను.

"ఏ పుస్తకం?" అన్నారు డాలస్ సారు. ఆయన ఇంకా లైన్లోనే ఉన్నారు. చెప్పాం.

"మూడో బీరువా, రెండో అర, ఎడమ చివర. నీలం అట్ట, వీపు ఊడి ఉంటుంది. తలుపు కాస్త ఎత్తి లాగమ్మా, లేకపోతే రాదు."

ఎత్తి లాగితే వచ్చింది. వీపు ఊడిన నీలం అట్ట పుస్తకం. రిజిస్టర్లో నా చేత సంతకం పెట్టించుకున్నారు, ఫొటో తీశారు, ఫారం తెరిచారు. "ఆన్‌లైన్ సేవల ద్వారా లబ్ధి పొందిన పాఠకుల సంఖ్య" అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగి నా మొహం చూశారు. నేను తలూపాను.

ఆవిడ 1 అని కొట్టారు.