పదిహేనుకి పదిహేను

వృద్ధుల మానసిక ఆరోగ్యం మీద మా డిపార్ట్‌మెంటుకి ప్రాజెక్టు వచ్చిందని తెలిసిన రోజు మావారు కాజాలు తెచ్చారు. నేనే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌నని చెబితే మా అమ్మ మాత్రం "ఈ వయసులో నీకు పోలీసు ఉద్యోగం ఎందుకే?" అంది. ఇప్పుడు చూస్తే అమ్మ మాటే నిజానికి దగ్గరగా ఉంది. మొదటి ఏడాదంతా నేను చేసింది గాలింపే. ఫైలు ఎవరి బల్ల మీద ఉంది, మొదటి విడత డబ్బు ఏ ఖాతాలో పడింది, ఆరు ట్యాబుల కొనుగోలుకి సంతకం పెట్టాల్సినాయన ఎవరి పెళ్ళికి వెళ్ళాడు. ఇవే.

ట్యాబులు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా ప్రాజెక్ట్ ఫెలోగా చేరిన అమ్మాయికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో ఒక కుర్రాడొచ్చాడు. చురుకైనవాడు, రాత్రిళ్ళు మేలుకుని రీసెర్చ్ పేపర్లు చదువుతాడు. ఒకటే ఇబ్బంది, మనిషి ఏం చెప్పినా అనుమానిస్తాడు, ట్యాబు ఏం చెప్పినా నమ్ముతాడు.

ఎథిక్స్ కమిటీ మా అంగీకార పత్రాన్ని మూడుసార్లు తిప్పి పంపింది. వాళ్ళని తప్పుపట్టలేం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అవతలి మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, చదువు రాకపోతే సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తప్పుకోవచ్చని రాయాలి. ఆ చివరి వాక్యం గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు లేచి ఎక్కడికి పోతారులే అనుకున్నాను.

ఇక ప్రశ్నలు. ముసలివాళ్ళ దిగులు కొలవడానికి 1980లలో అమెరికాలో యెసవేజ్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక స్కేలు తయారుచేశారు. మొదట 30 ప్రశ్నలు, 1986లో వాటిని 15కి కుదించారు. అన్నిటికీ అవును, కాదు అంటే చాలు. దిగులు చూపే ప్రతి జవాబుకీ ఒక మార్కు. ఐదు దాటితే కాస్త చూడాలి, పది ఆపైన వస్తే గట్టిగా చూడాలి. ప్రపంచమంతా వాడుతున్నారు. మేమూ తెలుగు చేయించాం. అనువాదానికిచ్చిన మనిషి డబ్బులు తీసుకుని పనిని కంప్యూటర్‌కి అప్పగించినట్టున్నాడు, ఐదో ప్రశ్న "మీరు ఎక్కువ సమయం మంచి ఆత్మలతో ఉంటున్నారా?" అని వచ్చింది. దాన్ని "ఎక్కువగా హుషారుగా ఉంటారా?" అని మార్చాను. అన్నీ సరిచేశాననుకున్నాను. ప్రాజెక్టు పేరులో డిప్రెషన్‌కి పెట్టిన "కుంగుబాటు" అనే మాట మాత్రం అలాగే ఉండిపోయింది. పేపర్లలో రోజూ రాస్తున్నదే కదా అని వదిలేశాను.

ఊరు కోనసీమలో, అమలాపురం నుంచి ఆటోలో అరగంట. 2025 ఫిబ్రవరి 24, సోమవారం. స్టాంపు ప్యాడు, ట్యాబులు, అంగీకార పత్రాలు, పెద్దవాళ్ళకి ఇవ్వడానికి చక్కెర లేని బిస్కెట్లు. అన్నీ సర్దుకుని దిగాం.

మొదటి ఇంట్లో పెద్దాయనకి మావాడు భక్తిగా చదివి వినిపించాడు. "తాతగారూ, మేం కుంగుబాటు గురించి తెలుసుకోవడానికి వచ్చామండి."

ఆయన వెంటనే లేచాడు. "ఇన్నాళ్ళకి వచ్చారన్నమాట! రండి, రండి" అంటూ మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళి వంటింటి గోడ చూపించాడు. 2022 జూలై వరదల్లో ఆ వైపంతా జానెడు కుంగిందట. ఫొటో తియ్యమన్నాడు. కొలత కూడా రాసుకోమన్నాడు. మావాడు ట్యాబులో ఆ గడి ఎక్కడుందా అని వెతుకుతున్నాడు.

ఈ ఊళ్ళో బెంగ ఉంది, దిగులు ఉంది, గుబులు ఉంది, "మనాది పట్టుకుంది" అనే పాతమాట కూడా ఉంది. కుంగేది మాత్రం గోడే. ముప్పై ఏళ్ళుగా సైకాలజీ చెబుతూ ఈ సంగతి నేను ఆ గోడ దగ్గర నేర్చుకున్నాను.

రెండో ఇల్లు ములగచెట్టు ఇల్లు. అక్కడి మామ్మగారికి 80 దాటాయి. ఆవిడకి ముందు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలి. ఇది 1975 నుంచీ ఉన్న పద్ధతి. ఇవాళ తేదీ ఎంత, వారం ఏంటి, ఏ నెల, ఏ ఋతువు, ఏ సంవత్సరం, మనం ఎక్కడున్నాం అని అడగాలి. చుట్టూ ఎవరూ ఉండకూడదని నియమం. అప్పటికే కోడలు, పక్కింటావిడ, పాలబ్బాయి, ముగ్గురు పిల్లలు వచ్చి కూర్చున్నారు.

"మామ్మగారూ, ఇది ఏ సంవత్సరమండి?"

"క్రోధి."

మావాడు నా వైపు చూశాడు. ట్యాబులో 2025 అనే అంకె తప్ప మరొకటి ఎక్కదు.

"ఏ నెలండి?"

"మాఘం."

"తేదీ?"

"బహుళ ఏకాదశి. అందుకే నీ బిస్కెట్టు ముట్టలేదు నాయనా, ఏమనుకోకు. ఎల్లుండి శివరాత్రి."

"ఋతువు?"

"శిశిరం." ఈసారి ఆవిడ గొంతులో, చదువుకున్నవాడివి ఇది కూడా తెలీదా అన్న జాలి వినిపించింది.

"వారం?"

"సోమవారం."

మావాడు మెల్లగా నా చెవిలో "మేడమ్, ఐదుకి ఒకటే వచ్చింది. మతిమరుపు అనుమానం ఉన్నట్టు చూపిస్తోంది" అన్నాడు. ఋతువు ఏంటి నువ్వు చెప్పు అన్నాను. "సమ్మర్ స్టార్టింగ్ మేడమ్" అన్నాడు.

తర్వాతి ప్రశ్న ఏ ఆస్పత్రి కోసమో రాసింది, తీసేయడం మర్చిపోయాను. "మామ్మగారూ, మనం ఇప్పుడు ఏ అంతస్తులో ఉన్నాం?"

మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. "అంతస్తు గురించి అడిగావు కనక చెబుతున్నాను" అని మొదలుపెట్టారు. మామగారి హయాంలో 20 ఎకరాలు, రెండు జతల ఎడ్లు, ఇంటి ముందు గుర్రబ్బండి. తర్వాత పంపకాలు, ఒక ఆడపడుచు పెళ్ళి, ఒక కోర్టు కేసు. మొత్తం నలభై నిమిషాలు. ఇప్పుడు మధ్యతరగతి కింద రాసుకోమన్నారు.

ఆ తర్వాత దిగులు స్కేలు. "మీకు తరచుగా విసుగొస్తుంటుందా?" అంటే "ఎవరి మీద?" అన్నారు. "మీ జీవితం ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుందా?" అంటే కోడలు అందుకుని "ఖాళీ ఎక్కడండీ, సీరియళ్ళే అయిదున్నాయి" అంది. నేను ఆవిడని మర్యాదగా వంటింట్లోకి పంపాను. ఆవిడ వంటింటి కిటికీలోంచి జవాబులు చెప్పింది.

మధ్యాహ్నం నుంచి మాత్రం పని పరుగెత్తింది. ఎవరింటికి వెళ్ళినా ప్రశ్న పూర్తికాకముందే జవాబు వస్తోంది. "హుషారుగా..." "లేదమ్మా." "సంతోషంగా..." "ఎక్కడి సంతోషం." "జ్ఞాపకం..." "పూర్తిగా పోయింది. మీరు ముందు ఏం అడిగారో కూడా గుర్తులేదు." చీకటి పడేలోపల 42 మంది అయిపోయారు.

రాత్రి లాడ్జిలో మావాడి చేతులు వణుకుతున్నాయి. "మేడమ్, 38 మందికి పదిహేనుకి పదిహేను వచ్చాయి! ఇంత దిగులు ఒకే ఊళ్ళో... ఇది ఇంటర్నేషనల్ జర్నల్‌కే!"

"మిగతా నలుగురికీ?"

"సరిగ్గా పదేసి."

ఆ పది ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి గంట పట్టింది. ఆ స్కేల్లో పది ప్రశ్నలకి "అవును" అంటే దిగులు, ఐదింటికి "కాదు" అంటే దిగులు. ఆ నలుగురికీ సరిగ్గా వినపడదు. అన్నిటికీ తలూపి "అవును" అన్నారు. మరి మిగతా 38 మంది, ఎక్కడ అవును అనాలో ఎక్కడ కాదు అనాలో ఒక్కటి కూడా తప్పకుండా ఎలా చెప్పారు?

మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర తెలిసింది. పేపర్ లీకయింది. గోడ కుంగిన పెద్దాయన మా దగ్గర్నుంచి తిన్నగా రామాలయం అరుగు మీదికెళ్ళి ప్రశ్నలూ, ఏది ఎలా చెబితే మంచిదో ఆ జవాబులూ వరసగా అందరికీ అప్పజెప్పాడు. (జ్ఞాపకశక్తి పరీక్షలో వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే "నావల్ల కాదు బాబూ" అన్నది ఈయనే.) ఎందుకంటే మా చేతుల్లో ట్యాబులున్నాయి, వేలిముద్రలు వేయించుకున్నాం. ఆ రెండూ ఉన్నవాళ్ళు పింఛను మనుషులు కాక ఇంకెవరవుతారు? 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఒకటో తారీఖు ఇంకో ఐదు రోజుల్లో ఉంది. పైగా దివ్యాంగుల పింఛన్ల మీద తనిఖీలు మొదలయ్యాయని అప్పటికే ఊరంతా టెన్షన్‌గా ఉంది. అలాంటప్పుడు ఎవరో వచ్చి "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగితే, ఉన్నానని చెప్పేంత అమాయకులు ఎవరుంటారు? ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ వేలిముద్ర నా అంగీకార పత్రానికి ఎంత అవసరమో నాకు తెలుసు, దాని విలువ ఎంతో వాళ్ళకి తెలుసు.

అక్కడే అరుగు మీద పదిహేనుకి పదిహేను వచ్చిన నలుగురు పేకాడుతున్నారు. ఒకాయన మావాడి గొంతు అనుకరిస్తూ "తాతగారూ, మీ పరిస్థితి ఆశాజనకంగా లేదనిపిస్తోందాండి?" అంటుంటే మిగతావాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు.

నేను ప్రెసిడెంటుగారింటికి పరుగెత్తాను. ఆయన మంచిమనిషి, ఊరి పేరంటే ప్రాణం. విషయం చెబితే "మీరు కంగారు పడకండి మేడమ్ గారూ" అని రామాలయం మైకు తీసుకున్నారు.

"ఊరి పెద్దలందరికీ నమస్కారం. నిన్న వచ్చినవాళ్ళకీ పింఛనుకీ ఏ సంబంధమూ లేదు. వాళ్ళు యూనివర్సిటీ వాళ్ళు. మన ఊళ్ళో పెద్దవాళ్ళు సుఖంగా ఉన్నారా లేదా అని ఢిల్లీకి రాసి పంపుతారు." అక్కడితో ఆపితే బాగుండేది. "పక్క ఊరు కూడా వెళ్తారట. మన ఊరి పరువు మీ చేతుల్లో ఉంది."

ఆ రోజు 42 మందినీ మళ్ళీ అడిగాం. 42 మందికీ సున్నా. వినపడని నలుగురికి కూడా సున్నాయే. పక్కన మనవలు నిలబడి వేళ్ళు చూపించారు, ఒక వేలంటే అవును, రెండు వేళ్ళంటే కాదు. వంటింటి గోడ పెద్దాయన అయితే "జీవించి ఉండటం అద్భుతంగా అనిపిస్తుందా?" అన్న ప్రశ్నకి లేచి నిలబడి మరీ అవునన్నాడు.

ప్రపంచంలోనే అత్యంత దిగులుగా ఉన్న ఊరు ఒక్క రాత్రిలో అత్యంత ఆనందంగా ఉన్న ఊరయింది. మందు లేదు, మాకు లేదు, మైకు చాలింది. మావాడు కాసేపు నీరసపడి, తర్వాత ముఖం వెలిగించుకుని వచ్చాడు. "మేడమ్, రెండు రోజులకీ సగటు తీస్తే ఏడుంపావు వస్తోంది. చాలా నేచురల్‌గా ఉంది."

మార్చి 31 లోపల లెక్కలు అప్పజెప్పి, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ని జీఎఫ్ఆర్ 12-ఏ అనే ప్రభుత్వ ఫారంలో పంపకపోతే రెండో విడత రాదు. ఆ ఏడుంపావు వైపు నేను ఒక నిమిషం చూశాను, అబద్ధం ఎందుకు. తర్వాత వద్దన్నాను. ఒకటో తారీఖు పింఛన్లు పంచేశాక మళ్ళీ వెళ్దామన్నాను.

మార్చి 3న నేనొక్కదాన్నే వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర. ఊరంతా కునుకు తీస్తోంది. ములగచెట్టు కింద మామ్మగారు ఒక్కరే మంచమ్మీద కూర్చుని ఉన్నారు. కోడలు నిద్రపోతోంది, కిటికీ మూసి ఉంది. నియమాలు చెప్పినట్టుగా ఏకాంతం మొదటిసారి దొరికింది.

"వచ్చావా అమ్మాయ్, ఆ కుర్రాడేడీ?"

"రాలేదండి. మామ్మగారూ, పింఛను వచ్చేసింది కదా, పరువు సంగతి కూడా పక్కన పెట్టండి. నిజంగా ఎలా ఉంటోంది మీకు?"

ఆవిడ నా చేతిలోని ట్యాబు వైపు చూశారు. దాన్ని సంచిలో పెట్టేశాను.

"పొద్దున్న బానే ఉంటుందే. స్నానం, దీపం, పేపరు, పిల్లలు బడికెళ్ళే హడావుడి. సాయంత్రం సీరియళ్ళు. ఈ వేళ మాత్రం కదలదు. రెండింటికి గడియారం చూస్తాను. చాలాసేపయిందనుకుని మళ్ళీ చూస్తే రెండూ పది. మీ తాతగారుంటే ఈ వేళప్పుడు కాఫీ పెట్టమని సతాయించేవారు. ఆ సతాయింపు అప్పుడు విసుగ్గా ఉండేది. నిన్న ఆ కుర్రాడు అడిగాడు చూడు, విసుగని, ఆ మాట." ఆవిడకి అది నిన్నటిలాగే ఉంది, వారం అయినా. "ఎవరైనా వచ్చి తలుపు కొడితే బాగుండనిపిస్తుంది. మీలాంటి సర్వే వాళ్ళైనా ఫర్వాలేదు."

నా చెయ్యి సంచి వైపు వెళ్ళింది. ఏడాదిన్నరలో నాకు దొరికిన మొదటి నిజమైన జవాబు.

"రాయకు" అన్నారు మామ్మగారు. "ఆ పలకలోకి ఎక్కిందంటే కోడలి ఫోన్లోకి వచ్చేస్తుంది. మొదటి రోజు నువ్వే చదివావుగా, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తప్పుకోవచ్చని. ఇప్పుడు వద్దనుకుంటున్నాను."

ఆ పత్రంలో ఉన్నదంతా ఈ ఊళ్ళో ఒక్క మనిషే విన్నది.

మూడున్నర దాకా కూర్చున్నాను. ఒక కాఫీ నేనే పెట్టాను. వస్తుంటే చెట్టు నుంచి కోయించి ఒక కట్ట ములక్కాడలు ఇచ్చారు. ఫైలు నిండా పదిహేనులూ సున్నాలూ ఉన్నాయి. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాసి, ప్రశ్నావళిని మొదటి నుంచి మార్చుకుంటామని ఢిల్లీకి పంపాం.

ఏప్రిల్‌లో ఆడిట్ ఆయన దగ్గర్నుంచి కాగితం వచ్చింది. బిస్కెట్ల రసీదులో చక్కెర లేనివెందుకు, ధర ఎక్కువ కదా అని ఒకటి. దానికి జవాబు సులువు. రెండోది: "03-03-2025న ఆటో ఖర్చు రూ. 600. ఆ తేదీన పూర్తయిన ఇంటర్వ్యూలు: 0. కారణం తెలుపగలరు."

నాలుగు రోజులు ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని చూశాను. చివరికి 600 నేనే కట్టేసి రసీదు తీసుకున్నాను. ములక్కాడల గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.