సముద్రం లేని ఊళ్ళో నావికులు

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. అల చూడాలంటే చెన్నైకో మంగళూరుకో మూడొందల కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. ఇక్కడి మారతహళ్ళి తెలుగువాళ్ళలో తెరచాప పడవేసుకుని దేశాలు తిరిగి రావాలన్న కోరిక ఇంత బలంగా పుట్టింది అందుకే. సముద్రం పక్కన పుట్టినవాడికి ఇలాంటి సరదాలుండవు. కావాలంటే కాకినాడలో వేటకెళ్ళేవాళ్ళని అడగండి.

సైకిళ్ళు బాల్కనీల్లో తుప్పు పట్టాయి, మారథాన్ బూట్లు పనమ్మాయి తమ్ముడికి వెళ్ళాయి. ఇప్పుడు వంతు పడవది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ ఊరిచ్చే శిక్షణ ఏ నావికా పాఠశాలా ఇవ్వలేదు. మామూలు తెరచాప పడవ గంటకు ఐదు నాటికల్ మైళ్ళు, అంటే తొమ్మిది కిలోమీటర్ల చిల్లర నడుస్తుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఆ వేగం దొరికితే మనవాళ్ళు ఇంటికొచ్చి కొబ్బరికాయ కొడతారు. రాత్రీపగలూ ఆగకుండా వెళ్తే రోజుకు 220 కిలోమీటర్లు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,190 కిలోమీటర్లు కాబట్టి ఐదారు రోజులు. సంక్రాంతికి కారులో ఊరెళ్ళి వచ్చినవాళ్ళకు ఇదో లెక్కా?

నీళ్ళ సంగతి సరేసరి. పడవ ట్యాంకులో ఎన్నుంటే అన్నే. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి, చివర్లో చెంబుడు మంచినీళ్ళతో తొలుచుకోవాలి. 2024 మార్చిలో తాగునీళ్ళతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అన్న ఊరిది. ట్యాంకరతనికి ఫోన్ చేసి "అన్నా, ఒక్క లోడు" అని బతిమాలిన ఇల్లాలికి ఏ కెప్టెనూ పొదుపు నేర్పక్కర్లేదు. కాకపోతే పడవెక్కుతానంటున్నది ఆవిడ కాదు, ఆయన.

రాత్రి కాపలాకీ ఆయన సిద్ధమే, అమెరికా షిఫ్టు అలవాటే కదా. సముద్రంలో కనుచూపు చివర కనిపించిన ఓడ ఇరవై నిమిషాల్లో మీదికొచ్చేయగలదు. మ్యూట్‌లో పెట్టి కునుకు తీసే విద్య మాత్రం అక్కడ పనికిరాదు.

అసలు చిక్కు చేతుల దగ్గర వచ్చింది. మా పై ఫ్లాటాయన నల్లతుమ్మ మొద్దంత సూట్‌కేసు నిండా సామాను కొన్నాడు: చేతి తొడుగులు, జారని బూట్లు, ఉప్పుకి చెడని కళ్ళజోడు. అల్సూరు చెరువులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ జవాన్లు తెరచాపలు నేర్చుకుంటుంటే గట్టు మీద నిలబడి వీడియో తీసి, దానికి శిక్షణ అని పేరు పెట్టాడు. నావికులు తాడుకి వేసే, ఊడిపోని బౌలైన్ ముడి కూడా వచ్చింది. ఆ ముడి వేసిన బట్టల తాడు ఆ సాయంత్రమే ఊడింది.

"డీజిల్ ఫిల్టర్ మార్చడం వచ్చాండీ?" అని అడిగాను.

"యాప్‌లో బుక్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు కదండీ."

బంగాళాఖాతం నడిమధ్యకు. నల్లా వాషరు మార్చడానికి మూడ్రోజులు మనిషి కోసం ఎదురుచూసే ఇంట్లో ఇదేమీ వింత సమాధానం కాదు. పడవలో ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వంటమనిషి, డాక్టరు అన్నీ ఆయనే అవ్వాలని చెబితే, అలాగైతే మనుషులు చాలరేమో అన్నాడు.

ప్రపంచం చుట్టి రావడానికి 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరిన తారిణి అనే తెరచాప పడవలో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఆరుగురు నౌకాదళ అధికారిణులు, 55 అడుగుల పడవ, 254 రోజులు. పసిఫిక్‌లో భీకర తుపాను దాటారు. చివర్లో స్టీరింగ్ చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని 2018 మేలో ఇంటికొచ్చారు. బయల్దేరే ముందు ఏళ్ళ తరబడి సముద్రం మీదే శిక్షణ పొందారట అని చెబితే ఆయన జాలిపడ్డాడు. అప్పట్లో ఇన్ని వీడియోలు లేవు పాపం!

ప్రయాణం దీపావళికి పెట్టుకున్నాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలమని తెలుసు, కానీ సెలవులు అప్పుడే దొరుకుతాయి.

ఈలోగా గాలి ఊది నింపే చిన్న పడవొకటి కొని బేస్‌మెంట్‌లో పెట్టాడు. అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమైంది. ఇది టూవీలరా, ఫోర్ వీలరా అన్న దానిపై గంటన్నర చర్చ. చివరికి రెండు బైకుల పార్కింగ్ ఫీజు వసూలు చేయాలనీ, 2022 సెప్టెంబరులో సర్జాపూర్ రోడ్డు లేఅవుట్లలోకి రెస్క్యూ బోట్లు వచ్చినట్టు మనకీ వానలొస్తే పడవను ఏ బ్లాకు నుంచి మొదలుపెట్టి తిప్పాలో ముందే రాసుకోవాలనీ తీర్మానించారు. ఫీజు మీద ఆయన అభ్యంతరం చెప్పాడు. బ్లాకుల వరస మీద మాత్రం ఇంకా గొడవ జరుగుతోంది.