ఊరేసింది మీరు, సర్టిఫికెట్టు మాకా?

మహారాజశ్రీ సియోల్ నగరపు మూడు గంటల వంట క్లాసు (మార్కెట్ టూర్ సహా) గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి.

తమ దయవల్ల విమానం దిగిన ప్రతి యాత్రికుడూ పొద్దున పదింటికి ఏప్రాన్ కట్టుకుని, ఒంటిగంటకల్లా కిమ్చీ (కొరియావాళ్ళు పులియబెట్టే క్యాబేజీ పచ్చడి) పండితుడై బయటికొస్తున్నాడు. ఒక చేతిలో సర్టిఫికెట్టు, ఇంకో చేతిలో అరకిలో ప్లాస్టిక్ డబ్బా, ఫోన్లో వాళ్ళ సంప్రదాయ దుస్తులు హాన్‌బోక్ తొడుక్కున్న ఫొటో. కొరియా సీరియళ్ళు చూసి ఆవురావురుమంటూ వచ్చిన తెలుగువాళ్ళైతే సాయంత్రానికల్లా అత్తగారి ఊళ్ళో కూడా కిమ్చీ పెట్టేస్తామని ప్రకటిస్తున్నారు. ఇంత తక్కువ సమయంలో ఇంత ధైర్యం నూరిపోసే విద్యాలయం మరొకటి లేదు. అందుకు అభినందనలు.

కానీ ఒక్క అనుమానం. మేం వచ్చేసరికి బల్లమీద అన్నీ గిన్నెల్లో సర్ది ఉన్నాయి. క్యాబేజీ ఉప్పులో నాని, కడిగి, ఓడి, మెత్తగా పడుకుని ఉంది. ముల్లంగి అగ్గిపుల్లల్లా తరిగి ఉంది. బియ్యప్పిండి జావ కాచి చల్లార్చి ఉంది. ఎండు నెత్తళ్ళ చారు ఫ్లాస్కులో వేడిగా ఉంది. మా వంతుకు మిగిలింది ఎర్రటి ముద్దను ఆకుల మధ్య పులమడం, చప్పట్లు కొట్టడం. అక్షింతలు వేసి భోంచేసి వెళ్ళినవాళ్ళంతా పెళ్ళి చేశామని చెప్పుకుంటే ఎలా ఉంటుందో, మా కిమ్చీ కూడా అలాగే ఉంది.

ముందురోజు రాత్రి మీ వెనక వంటింట్లో ఏం జరిగిందో మీరు చెప్పరు గనక మేమే చెప్తాం. రెండున్నర కిలోల నాపా (పొడుగాటి చైనా) క్యాబేజీకి మొదలు దగ్గర నాలుగు వేళ్ళ లోతు గాటు పెట్టి, మిగతాది చేత్తో చీల్చారు. కత్తితో చివరిదాకా కోస్తే లోపలి లేతాకులు తుక్కుతుక్కయి, కడిగేటప్పుడు సగం తొట్లోకి పోతాయి. లీటరు నీళ్ళకు 100 గ్రాముల ముతక సముద్రపుప్పు కలిపి ఆ ముక్కల్ని ముంచి తీశారు. తర్వాత ఇంకొంత ఉప్పును మందపాటి తెల్ల కాడల సందుల్లో చల్లారు. పల్చటి ఆకు కొసలకు ఆ నీళ్ళే ఎక్కువ. కోసిన ముఖం పైకి పెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలు వదిలేశారు, సగంలో ఒకసారి పైవి కిందికి మార్చారు. చలికాలమైతే ఇంకా సేపు పడుతుంది. మందమైన కాడను వెనక్కి వంచితే పుటుక్కున విరగకుండా వంగినప్పుడే అది తయారైనట్టు. గడియారం చూసి తీసేవాళ్ళకు కిమ్చీ రాదు, కాడ వంచి చూసేవాళ్ళకే వస్తుంది.

ఈ ఒక్క పనిలో తప్పితే తర్వాత ఏం చేసినా అతుకులే. ఉప్పు చాలకపోతే క్యాబేజీ డబ్బాలోకెళ్ళాక నీరు వదులుతుంది, కారం ముద్ద అడుక్కి జారుతుంది, పైన చప్పటి ఆకులు మిగులుతాయి. ఎక్కువైతే మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు కడిగినా నాలుక మీద ఉప్పే. వంటింటి డబ్బాలో ఉండే సన్న ఉప్పును కప్పుకు కప్పు వేస్తే మరీ ప్రమాదం. సన్నరేణువులు సందు లేకుండా కూర్చుంటాయి గనక కప్పులో బరువు ఎక్కువ పడుతుంది, పైగా గబగబా కరిగి ఆకును ముందే ముంచేస్తుంది, కాడ మాత్రం గట్టిగానే ఉంటుంది. మన కల్లుప్పు ఈ పనికి చక్కగా సరిపోతుందని తెలుగువాళ్ళ బ్యాచ్‌కి ఒక్క ముక్క చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది? కడిగాక బోర్లించి గంటన్నర, రెండు గంటలు ఓడనివ్వాలి. ఈ వార్చడం ఎవరికీ ఫొటో ఇవ్వదు కాబట్టి మీ సిలబస్‌లో దానికి చోటు లేదు.

ఇక ఆ ఎర్ర ముద్ద. కప్పు నీళ్ళలో చెంచాడు జిగురు బియ్యప్పిండి వేసి జావ కాచి, పూర్తిగా చల్లారాక అందులో కప్పు నుంచి కప్పున్నర గోచుగారు (కొరియా బరక మిరపపొడి), పావు కప్పు చేప సాస్, రెండు చెంచాల ఉప్పు రొయ్యలు, పది పన్నెండు రెబ్బల వెల్లుల్లి, చిన్న చెంచా అల్లం. అరగంట వదిలేస్తే బరక మిరపపొడి నీరు తాగి ఉబ్బి ముద్ద చిక్కబడుతుంది, రంగు తేలుతుంది. జావ వేడిగా ఉండగానే కలిపితే వెల్లుల్లి ఉడికిన వాసన కొడుతుంది. మీరు ఈ అరగంటను కూడా ముందే గడిపేసి గిన్నె మా ముందుకు తోస్తారు. మాకు తెలిసేది రంగు మాత్రమే, కారణం కాదు.

దాని ఫలితం హైదరాబాదులోనో టెక్సస్‌లోనో కనబడుతుంది. మీ శిష్యుడు ఇంటికెళ్ళి, గోచుగారు దొరక్క, ఆ కప్పున్నర చోట కప్పున్నర గుంటూరు కారం దింపుతాడు. గోచుగారులో గింజలు చాలావరకు తీసేస్తారు, మిరపకాయే నెమ్మదిది, తీపి అంచు ఉన్నది. అందుకే దాన్ని కప్పులతో కొలుస్తారు. గుంటూరు కారాన్ని చెంచాలతో కొలవాలని ఆ శిష్యుడికి పుట్టుకతోనే తెలుసు, కానీ సర్టిఫికెట్టు ఉన్న మనిషి కదా, సొంత బుద్ధి వాడడు. పైగా మెత్తగా ఆడించిన కారం ఉబ్బదు, బురదలా అంటుకుంటుంది. గత్యంతరం లేకపోతే బ్యాడిగి మిరపకాయల గింజలు దులిపేసి బరకగా ఆడించుకోమని చెప్పండి, రంగైనా దక్కుతుంది.

మార్కెట్ టూర్ సంగతికొద్దాం. గ్వాంగ్‌జాంగ్ మార్కెట్ 1905 నాటిది. మీరు దాన్ని నలభై నిమిషాల్లో దాటించేస్తారు. జెండా పట్టుకున్న గైడు ముందు, ఫోన్లు ఎత్తిన మేం వెనక. బిందేత్తోక్ అనే అట్ల బండి దగ్గర ఆగుతాం, ఎందుకంటే అక్కడ రాతి తిరగలి తిరుగుతుంటుంది, పెనంలో నూనె చిటపటలాడుతుంటుంది. తెలుగువాళ్ళు వెంటనే పెసరట్టు అంటారు. పప్పు పెసరే గానీ పొట్టు తీసి రుబ్బింది. పిండిలో కిమ్చీ, మొలకలు, చాలాచోట్ల పందిమాంసం కూడా ఉంటాయి. పల్చగా తిప్పరు, అంగుళం మందాన నూనెలో కరకరలాడేదాకా వేయిస్తారు. రుబ్బిన పిండిలో ఉప్పు ముందే వేస్తే నీరు విడిపోతుంది, అందుకే పెనం మీదకెళ్ళేముందు వేస్తారు. ఇది గైడు చెప్పాల్సింది. గైడు చెప్పింది మాత్రం, ఈ బండి టీవీలో వచ్చిందని.

అసలు ఆగాల్సిన చోట మీరు ఎప్పుడూ ఆగరు. నువ్వులు వేయించి అక్కడికక్కడే నూనె తీసి సీసాలకు పట్టే కొట్టు దాటిపోతాం, వాసన వీధంతా పిలుస్తున్నా సరే. ఆ నూనె మన పప్పునూనె కాదు. ముదురుగా వేయించిన నువ్వులది, పొయ్యి ఆర్పాక చెంచాడు చుట్టడానికే, వేయించడానికి కాదు. పక్కనే ఉండే పెరిల్లా గింజల నూనె ఫ్రిజ్‌లో పెట్టకపోతే త్వరగా ముక్కిపోయిన వాసన కొడుతుందనీ ఎవరూ చెప్పరు. ఎండు నెత్తళ్ళ కొట్టు కూడా అంతే. పెద్దవి చారుకు, పిల్లవి వేపుడుకు. చారు నెత్తళ్ళకు తల, కడుపులోని నల్ల ముద్ద గిల్లేయకపోతే చారు చేదెక్కుతుంది. ఇవన్నీ తీరిగ్గా చూడాలంటే జుంగ్బు మార్కెట్లో ఎండుచేపల వరసలున్నాయి, ఆకుకూరలకూ మూలికలకూ గ్యోంగ్‌డాంగ్ మార్కెట్ ఉంది. అక్కడ టీవీ బళ్ళు తక్కువ గనక మీరు తీసుకెళ్ళరు.

బేరం సంగతి కూడా గైడు మింగేస్తాడు. అక్కడ ఇంకా "గున్" లెక్క నడుస్తుంది. మాంసానికీ మిరపపొడికీ గున్ అంటే 600 గ్రాములు, కూరగాయలకు 400. ఇది తెలియనివాడు ఒక కొట్టులో ధర చూసి పక్క కొట్టువాణ్ణి దొంగ అనుకుంటాడు. మిరపపొడి పొట్లం మీద "గుక్‌సాన్" ఉంటే కొరియాలో పండింది, "జుంగ్‌గుక్‌సాన్" ఉంటే చైనాది. ధరలో తేడా అక్కడే. గోచుజాంగ్ (పులియబెట్టిన మిరప ముద్ద) డబ్బా కొనేవాళ్ళు వెనక చీటీలో మిరపపొడి ఎంత శాతమో, మొదటి పేరు బియ్యమా గోధుమా పాకమా అన్నదీ చూడాలి. గోధుమ పడనివాళ్ళకు ఇది రుచి సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. ఇంతా చేసి, మార్కెట్లో మేం ఏమీ కొనం. క్లాసుకొచ్చే క్యాబేజీ సూపర్ మార్కెట్ నుంచి ముందే వచ్చి ఉంటుంది. మరి ఆ నలభై నిమిషాలూ ఎందుకు నడిచామన్నది మీ రుసుము రసీదులో రాసిలేదు.

ఇప్పుడు ఒక సున్నితమైన విషయం. "వెజిటేరియన్ ఉందా?" అని అడిగితే "ఉంది" అని ఎంత ప్రేమగా అంటారు మీరు! సేమ్యాతో చేసే జాప్చేలోంచి మాంసం తీసేస్తే మీ లెక్కలో అది శాకాహారం. కిమ్చీలో చేప సాస్, ఉప్పు రొయ్యలు అలాగే ఉంటాయి, సోయా ముద్దతో కాచే ట్వెంజాంగ్ చీగేలో నెత్తళ్ళ చారు ఉంటుంది, సముద్రపు నాచులో చుట్టిన అన్నం కింబాప్‌లో గుడ్డు, చేప కేకు మిగులుతాయి. పాపం, మా బ్యాచ్‌లో అలా అడిగిన పిల్ల ఉల్లి కూడా తినని ఇంటినుంచి వచ్చింది. మీ దేశంలోనే బౌద్ధ ఆలయాల వంట ఉంది. మాంసం, చేప మాత్రమే కాదు, వెల్లుల్లి, ఉల్లికాడల్లాంటి ఘాటు కూరల్ని కూడా వాళ్ళు ముట్టరు. ఆ పద్ధతిలో లీటరు నీళ్ళకు పది గ్రాముల కెల్ప్ (సముద్రపు నాచు) ముక్క, మూడు నాలుగు ఎండు షియిటాకే పుట్టగొడుగులు, ఒక ముల్లంగి ముక్క వేసి మరిగిస్తే చారు తయారు. కెల్ప్‌ను మాత్రం మరుగు మొదలయ్యాక పది నిమిషాల్లో తీసేయాలి, లేకపోతే జిగురు, చేదు. కిమ్చీలో చేప సాస్ బదులు సూప్‌లకు వాడే ఉప్పటి సోయా సాస్ మూడు చెంచాలు, కాస్త ఉప్పు చాలు. పెద్ద శ్రమేం కాదు, అడిగినవాళ్ళకి విడిగా ఒక గిన్నె పెట్టడమే.

జాప్చే గురించి రెండు ముక్కలు చాలు: చిలగడదుంప పిండి సేమ్యాను వార్చిన వెంటనే సోయా సాస్, నువ్వులనూనె పట్టించకపోతే ముద్దకడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి తెల్లబడుతుంది, పెనంమీద రెండు చెంచాల నీళ్ళు చల్లి కదిపితే మళ్ళీ దారికొస్తుంది. కూరలన్నీ విడివిడిగా వేయించాలని మీరే గట్టిగా చెప్తారు. ఆ ఒక్క పాఠానికి మార్కులు వేశాం.

చివర్లో ఇచ్చే ఆ డబ్బా. "ఎన్నాళ్ళు బయట ఉంచాలి?" అంటే "ఒకటి రెండు రోజులు" అంటారు. సియోల్ నవంబరులో అది సరే. విజయవాడ మే నెలలో రెండు రోజులు బయట పెడితే మూత దానంతటదే లేస్తుంది. అక్కడ ఒక పూట చాలు, తర్వాత ఫ్రిజ్. మీ ఇళ్ళల్లో 1995 నుంచి కిమ్చీకి ప్రత్యేక ఫ్రిజ్‌లే అమ్ముతున్నారు, సున్నా డిగ్రీల దగ్గర నిలకడగా పులవడానికి. మా ఇంటి ఫ్రిజ్ తలుపు రోజుకు యాభైసార్లు తెరుచుకుంటుంది, పాలపక్కన పెట్టిన కిమ్చీ త్వరగానే పుల్లబడుతుంది. డబ్బా ముప్పావు దాటి నింపకూడదు, పైన ఒక బయటాకు కప్పి గాలి లేకుండా నొక్కాలి.

యునెస్కో వారు 2013లో గుర్తించింది కిమ్చీ రుచిని కాదు, నలుగురూ కూడి పట్టి పంచుకునే కిమ్‌జాంగ్‌ను. 2024లో గుర్తించింది కూడా సోయా ముద్దల్ని కట్టి, ఆరబెట్టి, నెలల తరబడి ఓపిక పట్టే జాంగ్ తయారీనే. రెండింటిలోనూ ఎదురుచూపే ఎక్కువ. మీరు అమ్మేది మాత్రం ఎదురుచూపు తీసేసిన మిగతా భాగం.

కాబట్టి మా విన్నపం చిన్నది. క్లాసును రెండుగా విరిచేయండి. మొదటిరోజు రాత్రి పదింటికి ఒక గంట: క్యాబేజీ చీల్చి, ఉప్పు పట్టించి, ఎవరి గిన్నె మీద వాళ్ళ పేరు రాసి మీ వంటింట్లో చల్లగా ఉండే మూలన వదిలి వెళ్తాం. రాత్రి తిరగేసే పని మీది. మర్నాడు ఏడింటికి వచ్చి కాడ వంచి చూసి, కడిగి, బోర్లించి, అది ఓడేలోగా మార్కెట్‌కి వెళ్తాం. ఈసారి చేతిలో సంచీ, కొనాల్సిన చీటీ ఉంటాయి. తిరిగొచ్చాక ముద్ద కలపడం. రుసుము కొంచెం పెంచినా ఇస్తాం, హాన్‌బోక్ అద్దె తీసేయండి, సరిపోతుంది.

ఇట్లు,
తమ ఏప్రాన్ ధరించినవారు

తా.క.: ఇంచాన్ విమానాశ్రయంలో కిమ్చీ డబ్బా, గోచుజాంగ్ 100 మి.లీ. దాటితే చేతి సంచీలో పోనివ్వరు. క్లాసు అయ్యాక కాదు, సూట్‌కేస్ సర్దకముందే చెప్పండి.